కణానికి ఆకలుండదు

సోయా తింటే రొమ్ము కాన్సర్ పెరుగుతుందని భయపెట్టేవాళ్ళూ, సోయా మాత్రలు మింగితే రాదని అమ్ముకునేవాళ్ళూ చూపించేది ఒకే రకం ప్రయోగాలు. సోయాలోని జెనిస్టీన్ ఈస్ట్రోజెన్‌ని పోలి ఉంటుంది. గాజుపళ్ళెంలో పెంచే ఎమ్.సి.ఎఫ్-7 కాన్సర్ కణాలకి దాన్ని కొద్దిగా అందిస్తే పెరుగుతాయి, బాగా ఎక్కువ అందిస్తే పెరుగుదల ఆగుతుంది. ఎవరికి కావలసిన సగం వాళ్ళు పట్టుకుపోయారు.

ఆ కణాలు 1970లో ఫ్రాన్సెస్ మేలన్ అనే క్రైస్తవ సన్యాసిని శరీరంలోంచి తీసినవి. పేరు మాత్రం మిషిగన్ కాన్సర్ ఫౌండేషన్‌ది! మనిషి పోయింది, కణమే స్త్రీ అయి కూర్చుంది.

కణం అన్నం తినదు. దానికి పేగుల్లేవు, కాలేయం లేదు. షాంఘైలో రొమ్ము కాన్సర్‌కి చికిత్స పొందిన 5042 మంది స్త్రీలపై 2009లో వచ్చిన అధ్యయనంలో, సోయా ఎక్కువ తిన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం, చావులు తక్కువగానే కనిపించాయి. అయితే అది తిండి సంగతి, గాఢంగా దట్టించిన మాత్రల సంగతి కాదు.

నా ఆపరేషన్ తర్వాత మీల్‌మేకర్ కూర వద్దంటూ కంచం లాగేసినంత పని చేసిన బంధువే, "ప్రకృతి సహజం" అని రాసున్న సోయా మాత్రల సీసా తెచ్చిచ్చింది. రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్ళు వేసుకోవచ్చో లేదో దానిమీద ఒక్క ముక్క లేదు. ఉమ్మెత్త కూడా సహజమేగా!

మెనోపాజ్‌ని జబ్బుగా చూపి హార్మోన్లు అమ్మారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన అమెరికా ప్రయోగాన్ని రొమ్ము కాన్సర్ పెరిగిందని 2002లో మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడదే బజారు "మొక్కల హార్మోన్" అంటోంది. మా కూరగిన్నెల మీద నిఘా మాని, ఆ సీసాల మీద పెట్టండి.