పాఠం చెప్పే తీరుకు ర్యాంకులో చోటేదీ?

హన్మకొండ: జాతీయ ర్యాంకుల జాబితా వెలువడిన మరునాడే కళాశాలల ప్రాంగణాల్లో రెండు దృశ్యాలు కనిపించడం ఏటా పరిపాటి అయింది. స్థానం మెరుగుపడిన చోట ఫ్లెక్సీలు, మిఠాయిలు. దిగజారిన చోట సమీక్షా సమావేశాలు. 2024లో ఇంజినీరింగ్ విభాగంలో 21వ స్థానంలో నిలిచిన వరంగల్ ఎన్‌ఐటీ, 2025 సెప్టెంబరు 4న వెలువడిన జాబితాలో 28వ స్థానానికి జారింది. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా ఆరంభమై, దేశ విదేశాల్లో పేరు తెచ్చుకున్న ఇంజినీర్లను తయారు చేసిన సంస్థ అది. ఒక్క ఏడాదిలో అక్కడి ఆచార్యులు పాఠం చెప్పడంలో ఏడు మెట్లు దిగిపోయారా? అలాగని ఎవరూ అనరు. అయితే ఆ ఏడు మెట్లు దేనిని కొలుస్తున్నట్లు?

జాతీయ సంస్థాగత ర్యాంకింగ్ చట్రాన్ని (ఎన్‌ఐఆర్‌ఎఫ్) కేంద్రం 2015 సెప్టెంబరులో ప్రకటించింది. తొలి జాబితా 2016 ఏప్రిల్‌లో వచ్చింది. బోధన-అభ్యసనం-వనరులు, పరిశోధన, పట్టభద్రుల ఫలితాలు, సామాజిక విస్తృతి, పేరు ప్రతిష్ఠలు అనే అయిదు అంశాల ఆధారంగా మార్కులు వేస్తారు. ఇంజినీరింగ్ విభాగంలో మొదటి అంశానికి వందకు 30, పరిశోధనకు మరో 30 వంతుల ప్రాధాన్యం ఉంది. డిగ్రీ కళాశాలల విభాగంలోనైతే మొదటి దాని వాటా 40. పైకి చూస్తే బోధనకు పెద్దపీట వేసినట్లే ఉంటుంది. లోపలికి తొంగిచూస్తేనే అసలు సంగతి బోధపడుతుంది.

లెక్కకు వచ్చేది అధ్యాపకుడు, రానిది పాఠం

'బోధన' పేరిట ప్రధానంగా లెక్కించేవి నాలుగు. పరిశోధక విద్యార్థులతో కలిపి ఎంతమంది చదువుతున్నారు? ఎంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉన్నాడు? అధ్యాపకుల్లో పీహెచ్‌డీ ఉన్నవారెందరు, వారి అనుభవమెంత? ఒక్కో విద్యార్థిపై సంస్థ ఎంత ఖర్చు చేస్తోంది? ఇంజినీరింగ్‌లో 15 మందికి ఒక అధ్యాపకుడు ఉంటే పూర్తి మార్కులు. 50 మందికి ఒకరైనా లేకపోతే సున్నా. వీటిలో దేనికోసమూ ఎవరూ తరగతి గదిలో వెనుక బెంచీపై కూర్చొని పాఠం వినరు. పాఠం అర్థమయిందా అని విద్యార్థిని అడగరు. పట్టా చేతికి వచ్చిన అయిదేళ్లకు, ఆనాడు విన్నదానిలో ఏది అక్కరకు వచ్చిందని అసలే అడగరు.

ఈ లెక్కలన్నీ నిరర్థకమని తోసిపుచ్చడమూ న్యాయం కాదు. అధ్యాపకుడే లేని చోట మంచి బోధన గురించి మాట్లాడటం నేల విడిచి సాము చేయడమే. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఉమ్మడి నియామక మండలి కోసం 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లు చట్టరూపం దాల్చకుండా నిలిచిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 3,220 పోస్టుల భర్తీకి వెలువడిన ప్రకటన సైతం వివాదాల్లో చిక్కుకొంది. కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులతో తరగతులు నెట్టుకొస్తున్న విభాగానికి ర్యాంకులో మార్కులు తగ్గితే, ఆ తగ్గుదల ఒక వాస్తవాన్నే చెబుతోంది. కాకపోతే అది ప్రభుత్వాల నిర్లక్ష్యం గురించిన వాస్తవం. అరకొర వేతనంతో రోజుకు నాలుగు తరగతులు చెబుతున్న పార్ట్‌టైం అధ్యాపకుడి బోధన గురించి అది ఏమీ చెప్పదు. నియామకాలు ఆపింది ఒకరైతే, ర్యాంకు దిగజారిందన్న నింద మోయవలసి వస్తున్నది మరొకరు.

కాగితంపై కొలువు

సంఖ్యలకే విలువ ఉన్నప్పుడు సంఖ్యలనే సృష్టించే విద్య పుట్టుకొస్తుంది. తనిఖీ బృందం వచ్చే రోజున మాత్రమే కనిపించి, ఆ తరువాత కానరాని అధ్యాపకుల సంగతి తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ విద్యార్థులకు కొత్తేమీ కాదు. బయోమెట్రిక్ హాజరు తప్పనిసరి చేయవలసి రావడమే అందుకు తార్కాణం. పొరుగున తమిళనాడులో 2024 జులైలో అన్నా విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలల్లో ఒకే వ్యక్తి ఏకకాలంలో పలు కళాశాలల్లో పూర్తికాలపు అధ్యాపకుడిగా నమోదై ఉన్న వైనం వెలుగుచూసింది. అలాంటివారు ఒకరిద్దరు కాదు, పెద్ద సంఖ్యలో ఉన్నట్లు తేలింది. ర్యాంకు లెక్కలో వీరందరూ అధ్యాపకులే.

న్యాక్ గ్రేడు పరిస్థితీ ఇందుకు భిన్నంగా లేదు. 1994లో ఏర్పడిన ఈ మండలి ర్యాంకులివ్వదు, గ్రేడు ఇస్తుంది. 2017లో విద్యార్థుల సంతృప్తి సర్వేను కూడా చేర్చి ఒక మంచి అడుగు వేసింది. అలాంటి సంస్థ పరిశీలక బృందం సభ్యులనే, గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మెరుగైన గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ అరెస్టు చేసింది. అదే ఏడాది మార్చిలో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, సంస్థలు ఇచ్చే సమాచారాన్ని సరిచూడటం లేదన్న పిటిషన్‌పై ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ప్రకటనను కొంతకాలం నిలిపివేసింది. ఆ అడ్డంకి తొలగిన తరువాతే సెప్టెంబరు జాబితా వచ్చింది.

ఇది మన దేశానికే పరిమితమైన జాడ్యం కాదు. అమెరికాలో 1983 నుంచి ర్యాంకులిస్తున్న 'యూఎస్ న్యూస్' పత్రిక జాబితాలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం రెండో స్థానంలో ఉండేది. 2022 ఫిబ్రవరిలో అక్కడి గణితాచార్యుడు మైకేల్ థాడియస్ తన సంస్థ ఇచ్చిన అంకెలనే తప్పుపట్టారు. ఇరవై మంది లోపు విద్యార్థులున్న తరగతులు 82.5 శాతమని విశ్వవిద్యాలయం చెప్పుకోగా, ఆయన లెక్కలో అవి 67 శాతం కూడా దాటలేదు. చివరకు విశ్వవిద్యాలయం తానే సరిదిద్దిన అంకె 57.2 శాతం. ఆ ఏడాది సెప్టెంబరులో ర్యాంకు 18కి పడిపోయింది. ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఫిబ్రవరికీ సెప్టెంబరుకూ మధ్య ఆ తరగతి గదుల్లో చెప్పిన పాఠాలు మాత్రం మారలేదు.

విద్యార్థినే అడిగితే సరిపోతుందా?

పాఠం విన్నవాడి మాటే ప్రమాణం కదా, విద్యార్థుల అభిప్రాయాలకే మార్కులు వేస్తే పోదా అన్న వాదన తరచూ వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉన్నా, అనుభవం వేరే కథ చెబుతోంది. అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థులను ఏ ఆచార్యుడి తరగతికి పంపాలన్నది లాటరీ పద్ధతిన నిర్ణయిస్తారు. పరీక్ష అందరికీ ఒకటే. అందువల్ల పోలిక నిక్కచ్చిగా ఉంటుంది. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఆర్థికవేత్తలు ఆ వివరాలను విశ్లేషించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. తమ పరీక్షలో ఎక్కువ మార్కులు తెప్పించిన ఆచార్యులకు విద్యార్థులు మంచి రేటింగులిచ్చారు. అయితే పై తరగతుల గణితంలో ఆ విద్యార్థులే వెనుకబడ్డారు. మొదట్లో కష్టపెట్టి, పునాది గట్టిగా వేసిన అనుభవజ్ఞులకు దక్కినవి తక్కువ రేటింగులు.

మన దగ్గర ఇంటర్నల్ మార్కులు చేతిలో ఉన్న అధ్యాపకుడి గురించి విద్యార్థి నిర్భయంగా రాయగలడా అన్నది మరో చిక్కు. ఫీడ్‌బ్యాక్ పత్రంలో హాల్‌టికెట్ నంబరు అడిగే కళాశాలలో నిజాయతీ గల సమాధానం ఆశించడం అత్యాశే.

ఇక ప్రభుత్వ నిబంధనల్లో బోధనకు ఇచ్చిన నిర్వచనం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పదోన్నతులకు సంబంధించి యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కేటాయించిన తరగతుల్లో 80 శాతం, అంతకు మించి తీసుకుంటే అధ్యాపకుడి బోధన 'మంచిది'. 70 నుంచి 80 శాతమైతే 'సంతృప్తికరం'. అంటే గదిలోకి వెళ్లడమే బోధన! బోర్డు మీద రాసినది వెనుక వరుసకు కనిపించిందా లేదా అన్నది ఏ గడిలోనూ నింపవలసిన పని లేదు.

ఎవరిని తీసుకున్నారు, ఎక్కడికి చేర్చారు

ర్యాంకులు చేసే అన్నింటికన్నా పెద్ద అన్యాయం మరోచోట ఉంది. పట్టభద్రుల ఫలితాల కింద గడువులోగా ఉత్తీర్ణులైనవారు, ఉద్యోగాలు పొందినవారు, వారి మధ్యస్థ వేతనం లెక్కిస్తారు. జేఈఈలో వడపోసిన విద్యార్థులతో నిండిన సంస్థకు ఈ మార్కులు సగం ప్రవేశాల రోజునే వచ్చేస్తాయి. ఏటూరునాగారం, గూడూరు వంటి మన్యం మండలాల నుంచి తెలుగు మాధ్యమంలో చదివి, అత్తెసరు మార్కులతో వచ్చిన విద్యార్థిని మూడేళ్లలో ఆంగ్లంలో పరీక్ష రాసే స్థాయికి తెచ్చిన ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకుడు నిజానికి ఎక్కువ దూరం నడిపించాడు. బయలుదేరిన చోటు లెక్కలో లేనప్పుడు ఆ దూరం ఎవరికి కనిపిస్తుంది? సామాజిక విస్తృతికి పది వంతుల ప్రాధాన్యం ఉన్నమాట నిజమే. అయితే అది ఎవరు చేరారన్నది చెబుతుంది గానీ, వారు ఎంత నేర్చారన్నది చెప్పదు. పైగా దేశంలోని 45 వేలకు పైగా కళాశాలల్లో అత్యధికం ఈ పోటీకి దరఖాస్తే చేయవు. పేరు ప్రతిష్ఠల మార్కులు మహానగరాల సంస్థలకే దక్కుతాయని వేరే చెప్పనవసరం లేదు.

పరిశోధనలో దిద్దుబాటు మొదలైంది. ఉపసంహరణకు గురైన పరిశోధన పత్రాలకు 2025 నుంచి మార్కులు తగ్గిస్తున్నారు. అంకెల కోసం పత్రాలు అచ్చువేసే ధోరణికి ఇది కొంత కళ్లెం. బోధన విషయంలో అలాంటి కసరత్తు ఇంకా మొదలు కాలేదు. చేరినప్పటి మార్కులకూ వెళ్లేటప్పటి మార్కులకూ మధ్య తేడాను లెక్కించడం, ముందస్తు సమాచారం లేకుండా ఇతర సంస్థల అధ్యాపకులు వచ్చి పాఠం వినడం, పట్టా పొందిన కొన్నేళ్లకు పూర్వ విద్యార్థుల అభిప్రాయం సేకరించడం అసాధ్యమేమీ కాదు. ఖర్చుతో, ఓపికతో కూడుకున్న పని. వెబ్‌సైట్‌లో కళాశాలలే నింపిన గడులను కూడి ర్యాంకు ప్రకటించినంత సులువు కాదు.

ఈలోగా ఎప్‌సెట్, దోస్త్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే కుటుంబాలకు ఒక వెసులుబాటు ఉంది. ర్యాంకు కోసం కళాశాల సమర్పించిన వివరాలను దాని వెబ్‌సైట్‌లోనే ఉంచాలి. అందులో అధ్యాపకుల పేర్లు, అర్హతలు, చేరిన తేదీలు ఉంటాయి. ఆ జాబితాను అదే కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థి ముందు పెట్టి, వీరిలో ఎందరు క్లాసుకు వస్తారని అడిగితే చాలు. ఫ్లెక్సీ మీద లేని సమాధానం అక్కడ దొరుకుతుంది.