పిల్లనిచ్చు ఊరు

మెట్‌పల్లిలో పెండ్లిమాటలు మొదలైనచో పూర్వము అడుగు ప్రశ్నలు వేఱు. పొలమెంత, బావిలో నీరెంత, అత్తగారి నోరెట్టిది అను మూడు సంగతులు తెలిసినచో పిల్లనిచ్చెడివారు. తరువాతి కాలమున దుబాయా, మస్కటా అని యడుగుట వచ్చినది. నేడు చదువుకొన్న పిల్లల సంబంధములలో అమెరికానా, యూరపా అను మాట వినవచ్చుచున్నది. కాని సోదరీమణులారా, మన వారు ఈ ప్రశ్నను జీతమెంత అను ప్రశ్నకు మాఱుపేరుగ మాత్రమే వాడుచున్నారు. గల్ఫునకు పోయినవాని భార్య మన వీధిలోనే యుండి, బీడీలు చుట్టుకొనుచు, బిడ్డలను బడికి పంపుకొనుచు, అతని ఫోనుకొఱకు ఎదురుచూచును. అమెరికాకో జర్మనీకో పోయినవాని భార్య అతనితోకూడ పోవును. ఆ ఊరు ఆమె ఊరగును. ఆ ఊరెట్టిదని మాత్రము అడుగువారు లేరు.

మేము ఆ దేశములను చూడలేదు. చూడని ఊరిని వర్ణించుట మన ప్రబంధకవులకు క్రొత్త గాదు గదా యని ధైర్యము తెచ్చుకొంటిమి. అదియునుగాక మాకు రెండు కన్నులు అచ్చట కలవు. మా పెద్ద ఆడపడుచు కూతురు టెక్సాసు రాష్ట్రమున ఫ్రిస్కోలో నున్నది. మా చిన్నమ్మ కూతురు, మాకు వరుసకు చెల్లె, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో నున్నది. ఇద్దఱును వారమునకొక మాఱైనను మాతో మాటలాడుదురు. మావారు పాఠశాలలో భూగోళము చెప్పుదురు గాని, ఆ ఊళ్ళలో కొత్తిమీర ఎచ్చట దొరకునో వారి పటములలో లేదు.

ఫ్రిస్కో యనునది డల్లాసు నగరమునకు ఉత్తరముననున్న ఊరు. 1990 లో ఆఱువేల పైచిలుకు జనము గల చిన్న ఊరు. 2020 జనాభా లెక్కలలో రెండులక్షలు దాటినది. తెలుగువారు విశేషముగ నున్నారు. కార్యసిద్ధి హనుమాన్ దేవాలయము కలదు. మా పిల్ల కాపురముండు ఇల్లు పెద్దది. ముందు పచ్చిక, వెనుక పెరడు, రెండు కార్లు పట్టు కొట్టము. బియ్యము, పప్పులు, చింతపండు, గోంగూర సమస్తమును దొరకును. అయినను ఆమె మొదటి నెలలలో మాతో నన్న మాట ఒక్కటే: "అత్తమ్మా, ఈడ మనుషులు కనవడరు, కార్లే కనవడ్తయి."

దుకాణము ఇంటికి రెండు మైళ్ళ దూరము. నడుమ ఆఱు వరుసల రహదారి. నగరపు రైలు ఆ ఊరివఱకు రాదు. వేసవియెండ మన రోహిణికార్తెను తలపించును. భర్త ఉదయము ఎనిమిదింటికి కారు తీసికొని పోయినచో సాయంకాలము ఆఱింటికి వచ్చును. ఆమెకు కారు నడుపరాదు. పదునాలుగు నెలలు ఆ పిల్ల ఒంటరిగ గడప దాటలేదు. భర్త కట్టడిచేసినందున గాదు, అతడు మంచివాడు. ఊరే కట్టడిచేసినది. నైజాము కాలపు ఘోషాను గూర్చి మా నాయనమ్మ చెప్పగా వింటిమి. ఘోషాలో సైతము ఇరుగుపొరుగు స్త్రీలు పెరటిదారిని వచ్చిపోవుచుండిరి. తుదకు పిల్ల కారు నేర్చి లైసెన్సు పొందిన దినమున మాకు ఫోను చేసి, పెండ్లినాటి కంటె ఎక్కువ సంతోషముతో మాటలాడెను.

ఊరిని ఇట్లు కట్టవలెనని ఎవరికి తోచెను? ఇండ్లొకచోట, అంగళ్ళొకచోట, కర్మాగారములొకచోట ఉండవలెనను చట్టములు అమెరికాలో 1916 నాటి న్యూయార్కు శాసనము తరువాత వ్యాపించినవి. 1926 లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, ఒహాయో రాష్ట్రములోని యూక్లిడ్ అను ఊరి వ్యాజ్యమున, అట్టి చట్టములు చెల్లునని తీర్పు చెప్పెను. కర్మాగారపు పొగ ఇంటిలోనికి రాకుండుట మంచిదే. కాని ఇండ్ల నడుమ కిరాణా కొట్టును కూడ వెలివేసిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి సిపాయిలు ఇండ్లకు రాగా, వారికి సర్కారు పూచీతో అప్పులు దొరకినవి. 1947 లో న్యూయార్కు దాపున లెవిట్‌టౌన్ అను ఊరు ఒకే అచ్చున పోసిన యిటుకలవలె వేలకొలది ఇండ్లతో లేచినది. అందు నల్లవారికి ఇల్లమ్మరాదని పత్రములలోనే వ్రాసికొనిరి. 1956 లో జాతీయ రహదారుల చట్టము వచ్చి, ఊళ్ళు మఱింత దూరదూరముగ సాగినవి. మన వారు పెద్దసంఖ్యలో పోవుటకు వీలుకలిగినది 1965 నాటి వలసచట్టము తరువాత. అనగా మన పిల్లలు చేరులోపల ఆ ఊళ్ళ ముగ్గు వేసియే యున్నది.

మన కావ్యములలో నాయకుడు పురవీధిని వచ్చుచున్నాడనగానే పురస్త్రీలు కాటుక ఒక కన్నుననే పెట్టుకొని, జడ సగమే అల్లుకొని గవాక్షములకు పరుగెత్తుదురు. చిన్ననాట ఆ ఘట్టము చదివినపుడు నవ్వుకొంటిమి. ఇప్పుడు తోచుచున్నది: ఆ వర్ణనకు వీధియు, వీధివైపు కిటికీయు, నడచిపోవు మనిషియు కావలెను. ఫ్రిస్కోలో ఇంటి ముఖమున నుండునది కారుకొట్టపు తలుపు. ఈ సంగతినే అమెరికాలోనే యొక స్త్రీ గట్టిగ చెప్పినది. జేన్ జేకబ్స్ అను నామె న్యూయార్కులో గ్రెనిచ్ విలేజి అను పేటలో కాపురముండి, పట్టభద్రురాలు గాకయే, 1961 లో అమెరికా మహానగరముల చావుబ్రతుకులను గూర్చి గ్రంథము వ్రాసెను. అంగళ్ళు, ఇండ్లు కలసియున్న వీధిలో వచ్చిపోవువారి కన్నులే కాపలాయని ఆమె వాదము. తన పేట మీదుగ పెద్దరహదారి వేయబూనిన వారిని పొరుగువారితో కలసి ఎదిరించెను. ఆ రహదారి పడలేదు. మన అరుగుమీద బీడీల చేట ముందిడుకొని కూర్చున్న పెద్దమ్మలకు ఈ సిద్ధాంతము చెప్పినచో, దీనికొఱకు పుస్తకమేలనందురు. వీధిలోనికి క్రొత్తమనిషి వచ్చినచో ఎవరింటికో, ఏ పనికో వారడుగక పోనీయరు. ఆ ఆరా మనకు విసుగే. లేనిచోట దాని విలువ తెలియును.

ఇక ఫ్రాంక్‌ఫర్టు. మా చెల్లె అచ్చట దిగిన యెనిమిదవ దినమున "అక్కా, ఒక్కదాన్నే పోయి ఆలుగడ్డలు తెచ్చిన" అని చెప్పెను. ఇంటిక్రింద రొట్టెల అంగడి, నాలుగడుగులలో మందుల దుకాణము, వీధిమొగమున ట్రాము. జర్మనీలో 2023 మే నెల నుండి ఒక నెలటికెట్టు వచ్చినది. మొదట 49 యూరోలు, తరువాత వెల పెంచిరి. దానితో దేశములోని ఏ ఊరి ట్రామైనను, బస్సైనను, వేగపురైళ్ళు దప్ప తక్కిన రైళ్ళైనను ఎక్కవచ్చును. అది చేతనుండగా స్త్రీ ఒకరి తీరికకొఱకు కాచుకొనియుండనక్కఱలేదు.

అట్లని అది స్వర్గము గాదు. మూడవ అంతస్తున రెండు గదుల ఇల్లు, లిఫ్టు లేదు, బియ్యపు మూట చేతులతో మోయవలెను. అద్దె యింటిలో వంటగది కొన్నిచోట్ల గోడలతో సరి. పొయ్యి, తొట్టి, అలమరలు అద్దెకుండువారే తెచ్చుకొని, పోవునాడు విప్పుకొని పోవుదురట. ఆదివారము దుకాణములు మూయుదురు. శనివారము రాత్రి ఉప్పు నిండుకొన్నచో పొరుగింటి తలుపు తట్టవలసినదే. రాత్రి పదిగంటల తరువాత మిక్సీ తిప్పినచో క్రింది యింటివారు చీటి వ్రాసి తలుపునకు అంటింతురు. గాజుసీసాలను చెత్తతొట్టిలో వేయుటకు సైతము ఆదివారము పనికిరాదు, చప్పుడగునని. ఇవన్నియు అలవాటు కాగలవు. అన్నిటికంటె కష్టము భాష. ఫ్రిస్కోలో వచ్చిన యింగ్లీషుతో బ్రతుకవచ్చును. ఫ్రాంక్‌ఫర్టులో సర్కారు ఉత్తరము, అద్దె పత్రము, బడి చీటి జర్మను భాషలో వచ్చును. మా చెల్లె రెండేండ్లు రాత్రిబడిలో ఆ భాష నేర్చెను. సంస్కృతమున మూడు లింగములు, విభక్తులు వల్లించిన దానవు గదా, నీకేమి కష్టమంటిమి. నవ్వెను గాని ఒప్పుకొనలేదు.

వంటగది మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. నేడు లోకమంతట చూచుచున్న, గోడపొడవునను అలమరలు, గట్టు అమర్చిన వంటగదికి పుట్టిల్లు ఆ ఫ్రాంక్‌ఫర్టే యనవచ్చును. 1926 లో నగరపాలకులు సామాన్యజనులకు ఇండ్లు కట్టించుచు, మార్గరెట్ షూట్టె లిహోట్స్కీ అను వాస్తుశిల్పినిచే వంటగదిని రూపొందింపజేసిరి. ఆమె రైలులోని భోజనశాలను చూచి, స్త్రీ ఎన్ని అడుగులు వేయుచున్నదో లెక్కించి, ఆఱడుగుల వెడల్పు, పదునొకండడుగుల పొడవు గల గదిలో సమస్తము అమర్చినది. అట్టివి ఇంచుమించు పదివేలు కట్టిరి. తాను మాత్రము అంతకుముందెన్నడును వంట చేయలేదని ఆమె ముసలితనమున ఒప్పుకొన్నది! గొప్ప ఇల్లాలు గాకున్నను గొప్ప ధైర్యవంతురాలు. హిట్లరును ఎదిరించి 1941 నుండి 1945 వఱకు చెఱలో నుండెను.

ఆ వంటగది అడుగులు మిగిల్చినది, నిజమే. కాని అందు ఒక్కతెకే చోటు. మన వంటయింట ఒకరు కత్తిపీట ముందు, ఒకరు పొయ్యి ముందు, చిక్కుడుకాయలు ఈనెలు తీయుచు ముసలమ్మ గడప దగ్గఱ కూర్చుండును. అమెరికా యింటి వంటగది దీనికి మాఱు. గోడలు లేక హాలులో కలసియుండును. పదిమంది నిలువవచ్చును, నిలుచువారుండిన. ఎండుమిరపకాయతో పోపు పెట్టగానే పొగగంట కూయునని, మా పిల్ల పెరటిలో వేఱొక పొయ్యి పెట్టుకొన్నది. చెల్లె బాధ వేఱు: అద్దెయింటి తెల్లని గట్టుమీద మన పసుపు మరక పడినచో పోదు. మెట్‌పల్లి పసుపు గదా, పట్టినది వదలదు.

నవ్వుమాటలు చాలును. ఆడపిల్ల తల్లి నిక్కముగ తెలిసికొనవలసినవి రెండు సంగతులు కలవు.

మొదటిది పని. అమెరికాలో హెచ్-1బి యను వీసాపై పోయినవాని భార్యకు ఇచ్చు హెచ్-4 వీసాతో ఉద్యోగము చేయరాదు. 2015 నాటి నియమము వలన కొందఱికి అనుమతి దొరకుచున్నది. అది భర్త గ్రీన్‌కార్డు అర్జీ ఒక దశ దాటిన తరువాతనే. ఏ యొక్క దేశమువారికిని ఏటి కార్డులలో నూటికి ఏడు పాళ్ళు మించి యీయరాదను నియమమున్నందున, మన వారి వరుస ఏండ్లతరబడి సాగుచున్నది. ఇంజనీరింగు చదివిన పిల్ల ఆ యేండ్లన్నియు ఇంట కూర్చుండవలసి వచ్చుట మేమెఱుగుదుము. జర్మనీలో బ్లూకార్డు పొందినవాని భార్యకు పోయిన నాటినుండియే ఉద్యోగపు హక్కు కలదు. హక్కున్నంత మాత్రమున పని దొరకదు, భాష రావలెను. కాని తలుపునకు తాళము లేదు.

రెండవది పురుడు. ఉద్యోగినికి జర్మనీలో కాన్పునకు ముందు ఆఱు వారములు, తరువాత ఎనిమిది వారములు జీతముతో సెలవు చట్టము. బిడ్డకు ఏడాది నిండినచో శిశుశాలలో చోటు 2013 నుండి హక్కు; చోటు దొరకక తల్లులు తిరుగుట కూడ కలదు. అమెరికా దేశమంతటికి వర్తించు 1993 నాటి చట్టము పండ్రెండు వారముల సెలవిచ్చును, జీతము లేకయే. అదియు ఏబదిమందికి తక్కువ కాని కొలువులలో, ఏడాది పనిచేసిన వారికే. కాలిఫోర్నియా, న్యూజెర్సీ మొదలగు కొన్ని రాష్ట్రములు జీతముతో కూడిన సెలవు ఏర్పఱచుకొన్నవి. టెక్సాసు ప్రైవేటు కొలువులవారిని అట్లు నిర్బంధింపలేదు. అందుచేతనే మన తల్లులు, అత్తలు ఆఱేసి నెలలు వంతులు వేసికొని విమానమెక్కుచున్నారు. మా ఆడపడుచు కూడ పోయివచ్చెను. పురుడు పోసి, బిడ్డకు నలుగుపెట్టి, చలికాలమంతయు ఆ పెద్దయింట కిటికీ దగ్గఱ కూర్చుండి, తిరిగివచ్చిన నాడు మొదట అరుగుమీదికే పోయినది.

అమెరికా పక్షమున చెప్పవలసినది మిక్కిలి కలదు. అచ్చట మన వారి బలగమున్నది. 1977 నుండి తెలుగు మహాసభలు జరుపుచున్నారు. బతుకమ్మ పండుగకు వందలమంది స్త్రీలు చేరుదురు. ఆపద వచ్చినచో పదికార్లు వాకిట నిలుచును. సొంతయిల్లు, మిగులు ధనము అచ్చటనే త్వరగా కలుగును. ఫ్రాంక్‌ఫర్టులో మా చెల్లె బతుకమ్మ పేర్చుటకు తంగేడు లేక, బంతి దొరకక, దొరకిన పూలతో నలుగురు కలసి ఆడుకొనిరి. ఆ నాలుగు గొంతులు ఫోనులో వినినపుడు మాకు కన్నులు చెమర్చినవి. అమెరికాయంతయు ఫ్రిస్కో గాదు. న్యూజెర్సీలో ఓక్ ట్రీ రోడ్డు అను వీధిని చీరెలకొట్లు, మిఠాయిలకొట్లు చూచుచు నడువవచ్చును. న్యూయార్కులో 1904 నుండి భూగర్భపు రైలు కలదు. యూరపులోను రైలు చేరని పల్లెలున్నవి.

కావున మా అభిప్రాయము దేశమును గూర్చి గాదు, ఊరిని గూర్చి. పిల్లకు కారు నడుప వచ్చినచో, భర్తకు కార్డు దగ్గఱపడియున్నచో ఫ్రిస్కోకు సంతోషముగ పంపవచ్చును. రెండును లేనిచో, జీతము తక్కువైనను ట్రాము నడచు ఊరే మే మెంచుకొందుము. పోతం జానకమ్మ రాఘవయ్య అను తెలుగు స్త్రీ ఇంగ్లండును చూచివచ్చి, తెలుగున వ్రాసిన సంగతులను 1876 లో మద్రాసున ఇంగ్లీషు పుస్తకముగ ప్రకటించెను. నూటయేబది యేండ్లకు పూర్వమే ఒక ఇల్లాలు అంత చూచి వ్రాయగా, విమానములున్న ఈ దినమున పిల్ల పోవు ఊరిని విచారింపక పంపుట మనకు తగునా?

మా వీధిలో ఒక సంబంధము నడుచుచున్నది. అబ్బాయిది డల్లాసు ప్రక్కనే మఱియొక ఊరు. పిల్ల తల్లి మమ్ము సలహా యడుగగా, కట్నకానుకల మాటకు ముందు ఈ నాలుగు ప్రశ్నలు వ్రాసి పంపుమంటిమి: ఇంటినుండి కూరల దుకాణమునకు నడచిపోవ వచ్చునా? వీసాపై పిల్ల ఉద్యోగము చేయవచ్చునా, ఎన్నేండ్లకు? పెండ్లికి ముందే ఇచ్చట కారు నేర్పించుట మంచిదా? పగటివేళ పిలిచినచో పలుకు ఆడమనిషి ఎంత దూరమున నున్నది? మొగపెండ్లివారి పెద్దలు కొంచెము చిన్నబోయిరట. అబ్బాయి మాత్రము మూడవ ప్రశ్నకు వెంటనే "అవును, నేర్పించండి" అని బదులిచ్చెను. పిల్ల ఇపుడు ఉదయము కారు నేర్చుచున్నది. తక్కిన మూడింటికి బదులు రావలసియున్నది.