కారు అరుదైతే కోట్లు... మరి నైపుణ్యం అరుదైతే?

డాడ్జ్ డెమన్ 170 సున్నా నుంచి 60 మైళ్ల వేగం అందుకోడానికి ఎంతసేపు పడుతుంది? మెకానికల్ క్లాసులో ఈ ప్రశ్న వేసి చూడండి. ‘1.66 సెకన్లు’ అని కంపెనీ చెప్పిన లెక్క టక్కున అప్పజెప్పేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. మరి ఆ కారు తయారైన ఫ్యాక్టరీ ఏమైంది? దీనికి జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకి పనికొచ్చేది మాత్రం ఈ రెండో ప్రశ్నే.

ఎలా మొదలైంది?

మామూలు సైజు కారులో పెద్ద కారు ఇంజిన్ బిగించి, కుర్రాళ్లకి అందే ధరకి అమ్మడం... మజిల్ కారు సూత్రం ఇంతే. దీనికి దారి చూపింది 1964 మోడల్ పాంటియాక్ జీటీవో. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలకి మించిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో అప్పట్లో ఓ అంతర్గత నియమం ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజినీరుగా ఉన్న జాన్ డెలోరియన్ బృందం దీనికో దారి కనిపెట్టింది. 389 ఘనపుటంగుళాల వి8 ఇంజిన్‌ని కొత్త మోడల్‌గా కాకుండా, ఉన్న కారుకే ‘ఆప్షన్ ప్యాకేజీ’గా ఇచ్చింది. 5 వేలు అమ్ముడైతే గొప్పనుకుంటే తొలి ఏడాదే 32 వేలు దాటాయి. దాంతో మిగతా కంపెనీలూ పోటీకి దిగాయి.

అమ్ముడుపోకే అరుదయ్యాయి

ఈరోజు వేలంలో రికార్డు ధర పలికే పాత మజిల్ కార్లలో చాలావాటిని ‘లిమిటెడ్ ఎడిషన్’ అనుకుని చేయలేదు. కొనేవాళ్లు లేక ఆగిపోయినవే ఎక్కువ. 1969 కమారో జడ్ఎల్1నే తీసుకోండి. దాని అల్యూమినియం ఇంజిన్ వల్ల ధర 7 వేల డాలర్లు దాటింది. మామూలు కమారోకి రెట్టింపు కంటే ఎక్కువ. చేసినవి 69 కార్లే, వాటిని అమ్మడానికీ డీలర్లు తిప్పలు పడ్డారు.

1971 ప్లిమత్ హెమి కుడా కన్వర్టిబుల్ సంగతీ అంతే. కుర్రాళ్లు నడిపే శక్తిమంతమైన కార్లకి బీమా కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. 1970లో వచ్చిన స్వచ్ఛ వాయు చట్టం కాలుష్యం మీద పట్టు బిగించింది. ఆ ఏడాది అలాంటివి 11 కార్లే తయారయ్యాయి. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. 1973 చమురు సంక్షోభంతో ఈ తరం కార్ల కథ దాదాపు ముగిసింది.

‘ఆఖరి పిలుపు’ వ్యాపారం

పాతతరం దగ్గర అనుకోకుండా జరిగినదాన్ని కొత్తతరం వ్యాపార వ్యూహంగా మార్చుకుంది. ఉద్గారాల నిబంధనలు కఠినమయ్యాయి. ఇంధన సామర్థ్య ప్రమాణాలు అందుకోనందుకు 2018, 2019 మోడళ్లకి డాడ్జ్ మాతృసంస్థ స్టెల్లాంటిస్ కట్టిన జరిమానాలే 23 కోట్ల డాలర్లు దాటాయి. వి8 ఛాలెంజర్, ఛార్జర్‌లకి ముగింపు ప్రకటించి, ఆ వీడ్కోలునే కంపెనీ అమ్ముకుంది. ‘లాస్ట్ కాల్’ పేరుతో వరసగా ప్రత్యేక మోడళ్లు వదిలింది. వాటిలో చివరిది డెమన్ 170. శక్తి 1,025 హార్స్‌పవర్, ధర 96,666 డాలర్లు. అమెరికాకి 3 వేలు, కెనడాకి 300 కార్లు మాత్రమేనని ముందే చెప్పేసింది.

2023 డిసెంబరులో కెనడాలోని బ్రాంప్టన్ ప్లాంటు నుంచి ఆఖరి ఛాలెంజర్ బయటికొచ్చింది. అదే నెలలో మిషిగన్‌లో కమారో తయారీ కూడా ఆగింది.

కారు బయటికెళ్లింది... కార్మికుడు?

బ్రాంప్టన్ ప్లాంటులో దాదాపు 3 వేల మంది పని ఆగిపోయింది. జీప్ కంపాస్ తయారీకి ప్లాంటుని మార్చి మళ్లీ తెరుస్తామని కంపెనీ మాటిచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ పనులకి బ్రేకు పడింది. తర్వాత విదేశాల్లో తయారైన కార్ల మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. అక్టోబరులో స్టెల్లాంటిస్ అమెరికాలో 1,300 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటిస్తూ, కంపాస్‌ని ఇల్లినాయ్‌లోని బెల్విడీర్‌కి తరలిస్తున్నట్లు చెప్పింది. బెల్విడీర్ ప్లాంటు 2023 ఫిబ్రవరిలో ఇదే కంపెనీ మూసేసింది! ఒక ఊరికి తిరిగొచ్చిన ఆశ ఇంకో ఊరి చేతిలోంచి జారిపోయింది.

ఇంతలో మార్కెట్ కూడా అడ్డం తిరిగింది. వి8 స్థానంలో వచ్చిన ఎలక్ట్రిక్ ఛార్జర్ డేటోనాకి స్పీకర్లతో ఇంజిన్ గర్జన తెప్పించినా అనుకున్నంత గిరాకీ రాలేదు. 2026కి దాని ఆర్/టీ వేరియంట్‌ని పక్కనపెట్టారు. ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఛార్జర్ తెచ్చారు. 2025 జులైలో అమెరికా కొత్త చట్టం ఇంధన సామర్థ్య జరిమానాని సున్నా చేసింది. ఎలక్ట్రిక్ కార్లకిచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ సెప్టెంబరుతో ఆగిపోయింది. వెళ్లిపోయిందనుకున్న హెమి వి8 ర్యామ్ 1500 ట్రక్కులోకి తిరిగొచ్చింది.

అంటే ఇంజిన్ భవితవ్యం ఇంజినీరింగ్ మీద మాత్రమే ఆధారపడలేదు. చట్టం, సుంకం, కొనుగోలుదారుడి ఇష్టం కూడా దాన్ని నడిపించాయి. ఇందులో ఏదీ ఆ 3 వేల మంది చేతిలో లేదు.

మనకేంటి సంబంధం?

ఉంది. స్టెల్లాంటిస్‌లో కలవడానికి ముందు ఫియట్ క్రైస్లర్ 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో గ్లోబల్ డిజిటల్ హబ్ ప్రకటించింది. పెట్టుబడి 15 కోట్ల డాలర్లు. డెట్రాయిట్‌లో తీసుకునే నిర్ణయం హైదరాబాద్‌లో కోడ్ రాసేవాళ్ల ప్రాజెక్టునీ తాకుతుంది.

కాబట్టి ఏ ఒక్క టెక్నాలజీ ‘గెలుస్తుంద’ని పందెం కాయకండి. ‘పెట్రోలు ఇంజిన్ల పనైపోయింది, ఈవీనే నేర్చుకో’ అని 2023లో సలహా ఇచ్చినవాళ్లే ఇప్పుడు మాట మార్చొచ్చు. చూడాల్సింది ఒక ఉత్పత్తి నుంచి ఇంకోదానికి మీతోపాటు వచ్చే నైపుణ్యం ఏంటన్నది.

దీనికి ఉదాహరణ డెమన్‌లోనే ఉంది. 1,025 హార్స్‌పవర్ వచ్చేది 85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఈ85 ఇంధనంతో. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో అదే ఇంజిన్ ఇచ్చేది 900. ఇంధనంలో ఇథనాల్ ఎంతుందో గుర్తించి, ఎంత చిమ్మాలో, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో కంప్యూటర్ మారుస్తుంది. ఈ పనిని క్యాలిబ్రేషన్ అంటారు. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు వస్తోంది. అంటే బైకు నుంచి ఎస్‌యూవీ దాకా ఇదే లెక్క. సెన్సర్ డేటా చదవడం, కంట్రోల్ సిస్టమ్స్, ఎంబెడెడ్ కోడింగ్, టెస్టింగ్ వచ్చినవాళ్లకి ఈవీ బ్యాటరీ మేనేజ్‌మెంట్ పూర్తిగా కొత్త లోకం కాదు.

అలాగని అరుదైన నైపుణ్యానికి విలువే ఉండదనీ కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని మెక్‌ఫర్సన్ కాలేజీ పాత కార్ల పునరుద్ధరణలో నాలుగేళ్ల డిగ్రీ ఇస్తోంది. లక్షల డాలర్ల కారుని యథాతథంగా బాగుచేసే చేతులు కావాలి కాబట్టి ఆ చదువుకి గిరాకీ. కాకపోతే అలాంటి కొలువులు కొన్నే. కారు అరుదుగా ఉంటే షెడ్డులో నిలబడే విలువ పెంచుకోగలదు. మనిషి నైపుణ్యం షెడ్డులో పెడితే తుప్పు పడుతుంది. అది అరుదైందా అని కాదు, దానికి రేపు డబ్బిచ్చేదెవరని అడగాలి.

ఇంటర్వ్యూకి ముందు

ఆటోమొబైల్ రంగం మీద గ్రూప్ డిస్కషన్ వస్తే ‘ఈవీనా, పెట్రోలా’ అని ఏదో ఒక పక్షం పట్టుకుని వాదించేవాళ్లే ఎక్కువ. మీరు బ్రాంప్టన్, బెల్విడీర్ ఉదాహరణ తీసుకోండి. చట్టం, సుంకం, మార్కెట్ మూడూ కలిసి ఒక ప్లాంటుని ఎలా మూశాయో, ఇంకోదాన్ని ఎలా తెరిపిస్తున్నాయో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు. ప్యానెల్ మీవైపు చూస్తుంది.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను చేసే పని ఏ ఉత్పత్తి కోసం? అది ఏ నిబంధన మీద నిలబడింది? రేపు ఆ ఉత్పత్తి ఆగిపోతే నేను నేర్చుకున్నదాన్లో ఎంత నాతో వస్తుంది? మూడోదానికి ‘సగానికి పైగా’ అని జవాబొస్తే ధైర్యంగా చేరిపోండి. రాకపోతే... చేరినా సరే, సాయంత్రాలు చదవడం మాత్రం ఆపకండి.