గృహవైద్యము: నెత్తుటిగడ్డయు, గడియారమును



కూరలు తరుగుచు కత్తిపీటకు వ్రేలు తెగని గృహిణి యుండదు. తెగినచోట పసుపద్ది గట్టిగా పట్టుకొందుము. కొన్ని నిమిషములకు నెత్తురు నిలుచును. కొన్నాళ్లకు గాయము మాని, లోపలి గడ్డయు మాయమగును. నెత్తురెట్లు గడ్డకట్టినదని యడుగుదుమే కాని, ఆ గడ్డను కరిగించినదెవరని మనము తలపనే తలపము. ఈ నెల ఆ సంగతినే ముచ్చటింపదలచితిమి.

గాయమైనచోట ఫైబ్రిన్ అను సన్నని దారములు వలవలె అల్లుకొని, రక్తకణములను పట్టి గడ్డను కట్టును. ఈ దారములను తునుకలుగా కోయు ఎంజైము పేరు ప్లాస్మిన్. అది ఎల్లవేళల నెత్తురులో తిరుగాడినచో, కట్టవలసిన గడ్డయు కట్టక ప్రాణమునకే ముప్పు వచ్చును. కావున అది ప్లాస్మినోజెన్ అను నిద్రాణరూపమున నుండును. రక్తనాళముల లోపలి పొరనుండి వెలువడు టీపీఏ అను మరియొక ఎంజైము దానిని మేలుకొలుపును. తోడు పడనిదే పాలు పెరుగు కానట్లు, టీపీఏ వంటిది తగులనిదే ప్లాస్మినోజెన్ ప్లాస్మిన్ కాజాలదు. ఈ టీపీఏ గడ్డను అంటుకొన్నప్పుడే చురుకుగా పనిచేయుట సృష్టిలోని వింత.

అయితే మెదడు నాళములో పెద్దగడ్డ అడ్డుపడినపుడు శరీరములోని యీ కొలది సరకు చాలదు. అట్టి సమయమున వైద్యులు ఆ టీపీఏనే మందుగా తయారుచేసి నరములోనికి ఎక్కింతురు. అమెరికాలో దీనికి గుండెపోటు విషయమున 1987లోను, పక్షవాతము విషయమున 1996లోను అనుమతి లభించినది. 1933లో విలియం టిలెట్ సూక్ష్మజీవులనుండి కనుగొనిన స్ట్రెప్టోకినేజ్ దీనికంటె పాతది. అదియు ప్లాస్మినోజెన్‌ను మేల్కొల్పునదే. దానిని జన్యువిద్యతో తయారుచేసినవారిలో మన హైదరాబాదు సంస్థలగు శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ కూడ కలవు. ఇది గుండెపోటుకు మందు, పక్షవాతమునకు వాడరు.

ఇక అసలు సంగతి. పక్షవాతమున టీపీఏ మందును లక్షణములు కనబడిన నాలుగున్నర గంటలలోపుగా ఈయవలెను. ఎంత త్వరగా నిచ్చిన అంత మేలు. నాళము మూసుకొనిపోయినపుడు మెదడులో నిమిషమునకు సుమారు 19 లక్షల కణములు నశించునని లెక్కగట్టిరి.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మా వీధిననే యొక యిల్లాలు కలదు. రెండేండ్ల క్రిందట భర్తకు మాట తడబడగనే, ఆమె క్షణమాలస్యము చేయక ఆంబులెన్సు పిలిపించెను. ఆయన నేడు కులాసాగా నున్నాడు. నిరుడొక ఉదయమున ఆమె చేతినుండియే కాఫీ గ్లాసు జారిపడెను. మూతి కొంచెము ప్రక్కకు పోయెను. “అలసట, ఏమియు లేదు” అని ఆమెయే యనెను. ఇంటివారు చేతికి నువ్వులనూనె మర్దించి పరుండబెట్టిరి. హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు కుమారుడు రాత్రి వచ్చి ఆసుపత్రికి తీసికొనిపోవునప్పటికి ఆ మందిచ్చు వేళ మించిపోయినది. ప్రాణము దక్కినది కాని, కుడిచేయి స్వాధీనములో లేదు. భర్త విషయమున గడియారము చూచిన యిల్లాలు తన విషయమున చూచుకొనలేదు. ఆమె కొరకు చూచినవారును లేరు. ఈ మాట మమ్ము నేటికిని బాధించుచున్నది.

కావున ఈ క్రింది విషయములు ఇంటిల్లిపాదికిని తెలియవలెను. నవ్వుమన్నపుడు మూతి ఒక ప్రక్కకు పోయినను, రెండు చేతులు చాపుమన్నపుడు ఒకటి వ్రాలినను, మాట ముద్దగా వచ్చినను పక్షవాతమని శంకింపవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటియైనను చాలును. మనిషి బాగుగా నున్నట్లు కడపట చూచినది ఎన్ని గంటలకో కాగితముమీద వ్రాసికొనుడు. నిద్రలేచునప్పటికే లక్షణములున్నచో, రాత్రి పరుండిన వేళయే లెక్క. వైద్యుడు మొదట అడుగునది యిదియే. 2005 ఆగస్టు 15న మన నగరమున ఆరంభమైన 108 సేవకు వెంటనే ఫోను చేయుడు. నీరు, ఆహారము, మాత్రలు ఏవియు నోటికి ఈయరాదు. ఆస్పిరిన్ అసలే కూడదు. మెదడులో నాళము చిట్లి పక్షవాతము వచ్చియుండవచ్చును, అప్పుడది కీడు చేయును. టీపీఏ కూడ అంతే. అందుకే సి.టి. స్కాను తీయనిదే ఆ మందీయరు.

వేళ మించినదని తోచినను ఇంట కూర్చుండరాదు. కొందరికి గొట్టముద్వారా గడ్డను బయటికి లాగు చికిత్స 24 గంటలవరకును చేయుట కలదు.

రేయింబవళ్లు స్కానును, ఈ మందును లభించు ఆసుపత్రి మీ యింటికి చేరువలో ఏది? సాయంకాలపు రద్దీలో ఏ త్రోవన పోవలెను? ఈ రెండింటిని నేడే విచారించి, వంటింటి క్యాలెండరుమీద వ్రాసియుంచుడు. ఆ వ్రాసినది భర్తకును పిల్లలకును చూపి, “నాకు వచ్చినను ఇదే చేయవలెను” అని చెప్పుట మరువకుడు.