ఆఫర్ లెటర్‌లో ఆ ఒక్క లైను చదివారా?

శాండ్‌విచ్‌లు చేసే ఉద్యోగం మానేస్తే, రెండేళ్లపాటు దగ్గర్లోని మరో శాండ్‌విచ్ షాపులో చేరకూడదట! అమెరికాలో జిమ్మీ జాన్స్ సంస్థ పెట్టిన షరతు ఇది. న్యూయార్క్, ఇల్లినాయ్ రాష్ట్రాలు కలుగజేసుకోవడంతో 2016లో వదులుకుంది. దీన్నే ‘నాన్ కాంపీట్’ అంటారు.

ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అంచనా ప్రకారం అక్కడ దాదాపు 3 కోట్ల మంది, అంటే ఐదుగురు ఉద్యోగుల్లో ఒకరు, ఇలాంటి షరతు కింద ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో కమిషన్ దీన్ని దేశమంతా నిషేధిస్తూ రూల్ తెచ్చింది. అమల్లోకి రాకముందే ఆగస్టులో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. 2025 సెప్టెంబరులో కమిషన్ అప్పీలు కూడా వదిలేసింది.

దాంతో ఇప్పుడు ఏ రాష్ట్రంలో పనిచేస్తున్నామన్నదే కీలకం. ఫ్లోరిడాలో 2025 చట్టంతో ఎక్కువ జీతాలవాళ్లను నాలుగేళ్ల దాకా ఆపొచ్చు. కాలిఫోర్నియాలో 1872 నుంచే ఈ షరతు చెల్లదు. ఇవాళ మానేసి రేపు పోటీ కంపెనీలో చేరొచ్చు, సొంత స్టార్టప్ పెట్టొచ్చు. ప్రభుత్వ రూల్ అంటే వ్యాపారానికి అడ్డే అనుకుంటాం కదా? సిలికాన్ వ్యాలీలో ఆ రూలే కొత్త కంపెనీలకు దారిచ్చింది.

మరి మన సంగతి? మన కాంట్రాక్ట్ చట్టం కూడా 1872 నాటిదే. సెక్షన్ 27 ప్రకారం, మానేశాక వేరేచోట చేరొద్దనే షరతు సాధారణంగా చెల్లదు. బాండ్ మాత్రం వేరు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఓ ప్రభుత్వ బ్యాంకు షరతును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది.

అందుకే జీతం అంకె చూసి మురిసిపోయే ముందు, మానేస్తే ఏమవుతుందో రాసిన లైను వెతకండి. సంతకం ఆ తర్వాతే!