అరువు గొంతుతో ఏడేళ్ళు

ఇంటర్వెల్ బెల్లు మోగింది. హాలు బయట కిళ్ళీకొట్టు దగ్గర కుర్రకారు గుమిగూడింది. అందులో ఒకడు, మీసకట్టు ఇంకా సరిగ్గా రానివాడు, సిగరెట్టు ముట్టించి పక్కవాడితో అంటున్నాడు: "దమ్ము కొడితే గొంతులో బేస్ వస్తుంది గురూ! హీరో గొంతు కావాలంటే ఇదే మందు!"

వాడి మాటలో సగం నిజముంది. వచ్చిన చిక్కల్లా అదే!

మన స్వరపేటికలో స్వరతంత్రులని రెండుంటాయి. పేరుకి తంత్రులే గానీ వీణ తీగల్లాంటివి కావు. తడిగా, మెత్తగా ఉండే రెండు మడతలు. మాట్లాడేటప్పుడు మగవాళ్ళలో సెకనుకి సుమారు 100 సార్లు, ఆడవాళ్ళలో సుమారు 200 సార్లు అదురుతాయి. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రతి దమ్మూ ఈ రెండింటి మధ్య సందులోంచే దూరాలి. వేరే దారి లేదు. పొగ రోజూ తగులుతుంటే పైపొర ఎండి కమిలిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని కింద నీరు చేరి మడతలు ఉబ్బుతాయి. బరువెక్కిన మడత నెమ్మదిగా అదురుతుంది, గొంతు కిందికి దిగుతుంది. ఇదండీ ఆ 'బేస్' అసలు సంగతి! వాపుని చూసి బలుపనుకోవడమంటే ఇదే. ఆడవాళ్ళలో ఈ మార్పు ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఫోనులో అవతలివాళ్ళు 'సార్' అనేస్తారు.

అమెరికన్ గాయకుడు నాట్ కింగ్ కోల్ కూడా తన గొంతులోని నిండుదనం సిగరెట్ల చలవేనని నమ్మేవాడట. 1965లో ఊపిరితిత్తుల కాన్సరుతో పోయాడు. అప్పటికి 45 ఏళ్ళే.

అంతకంటే మన సినిమా పిచ్చివాళ్ళు తెలుసుకోవలసిన కథ ఇంకొకటుంది. 'బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957), 'బెన్‌హర్' (1959), 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962) చూశారా? మూడింట్లోనూ ఉన్నాడు ఇంగ్లీషు నటుడు జాక్ హాకిన్స్. 'బెన్‌హర్'లో ఓడలో బానిసల చేత తెడ్లు వేయించే రోమన్ సేనాని ఆయనే. ఒక్క మాటంటే సైన్యం కదలాలి, అలాంటి గొంతు! సిగరెట్లు మాత్రం పెట్టెలకి పెట్టెలు ఊదేసేవాడు. 1965 చివర్లో గొంతు కాన్సరని తేలింది. 1966 జనవరిలో స్వరపేటిక మొత్తం తీసేశారు.

ఆ ఆపరేషనయ్యాక మనిషి ముక్కుతో ఊపిరి పీల్చడు, మెడ మీద పెట్టిన రంధ్రంలోంచి పీలుస్తాడు. గట్టిగా కేక వేద్దామన్నా, పకపకా నవ్వుదామన్నా చప్పుడు రాదు.

అయినా హాకిన్స్ నటన మానలేదు. గాలి మింగి, త్రేన్పులా పైకి తెస్తూ మాట్లాడడం నేర్చుకున్నాడు. కెమెరా ముందు పెదవులు కదిపేవాడు. తెర మీద వినిపించే గొంతు చార్లెస్ గ్రేదో, రాబర్ట్ రియెట్టీదో. మనకి డబ్బింగ్ కొత్తా ఏమిటి? ఎందరు తారలకి ఎందరు గొంతివ్వలేదు! కానీ భాష రాక గొంతు అరువు తెచ్చుకోవడం వేరు. సైన్యాల్ని కదిలించిన గొంతు పోగొట్టుకుని, హాల్లో కూర్చుని తన నోట ఇంకొకడి మాట వినడం వేరు. ఏడేళ్ళు అలాగే నెట్టుకొచ్చాడు. 1973లో కృత్రిమ స్వరపేటిక కోసం మళ్ళీ కత్తి కిందికి వెళ్ళాడు. అది కలిసిరాలేదు. ఆ జూలైలో కన్నుమూశాడు, 62వ ఏట.

స్వరతంత్రుల మీద పుట్టే కాన్సరుకి ఒక మంచి గుణముంది సుమండీ, ముందే చెప్పి మరీ వస్తుంది. గొంతు బొంగురుపోతుంది. మనవాళ్ళేమో మిరియాల కషాయమంటూ, పటికబెల్లమంటూ నెలలు గడిపేస్తారు. మూడు వారాలు దాటినా బొంగురు వదలకపోతే ఈ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. సన్నటి కెమెరా గొట్టంతో నిమిషాల్లో చూసేస్తాడు. తొలిదశలో పట్టుకుంటే రేడియేషనుతోనో, లేజరుతోనో గొంతు దక్కించుకునే అవకాశం చాలా ఎక్కువ. ఇక ఉత్త వాపే అయితే, సిగరెట్టు మానేశాక తగ్గుముఖం పడుతుంది. బాగా ముదిరిపోతే మాత్రం మానినా పూర్తిగా పోదు.

అన్నట్టు, కిళ్ళీకొట్టు దగ్గర మన హీరో ఏమయ్యాడంటారా? రెండో బెల్లు మోగగానే సగం సిగరెట్టు పారేసి లోపలికి పరిగెత్తాడు. దగ్గుకుంటూ!