గగనతల ఆంక్షలు: గాలికీ సరిహద్దుకూ మధ్య దూర ప్రయాణం
న్యూఢిల్లీ: ఢిల్లీ నుంచి కజకిస్థాన్‌లోని ఆల్మటీ విమానాశ్రయానికి నేరుగా కొలిస్తే సుమారు 1,640 కిలోమీటర్లు. చెన్నై ఇంకా దూరం, సుమారు 1,760. అయినా 2025 ఏప్రిల్ చివర్లో ఇండిగో సంస్థ ఆల్మటీ సర్వీసును నిలిపివేసింది. చుట్టుదారిలో అంత దూరం ఎగరగల విమానాలు తమ వద్ద లేవన్నది సంస్థ చెప్పిన కారణం. పహల్గాం ఉగ్రదాడి అనంతరం ఏప్రిల్ 24న పాకిస్థాన్ భారత విమానాలకు గగనతలాన్ని మూసివేయగా, 30న భారత్ కూడా ప్రతిచర్యకు దిగింది.

చుట్టుదారి ప్రతిసారీ నష్టం కాదు. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య అతి తక్కువ దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ గీత టిబెట్, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రాల మీదుగా సాగుతుంది. అయితే లోపలి గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే దాదాపు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉంది. 2016 అక్టోబరులో ఎయిరిండియా అట్లాంటిక్ దారిని వదిలి పసిఫిక్ మీదుగా వెళ్లింది. దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300కు చేరినా, ప్రయాణం 14.5 గంటల్లోనే ముగిసింది. పడమటి నుంచి తూర్పుకు వీచే ఎగువ గాలులు విమానాన్ని వెనుక నుంచి తోయడమే ఇందుకు కారణం.

పాకిస్థాన్‌ను తప్పించుకుని అరేబియా సముద్రం, ఐరోపాల మీదుగా అమెరికా వెళ్లే విమానానికి ఆ లాభం లేదు. దూరమూ పెరుగుతుంది, గాలీ ఎదురవుతుంది. ఎక్కువ ఇంధనం నింపితే ఆ బరువును మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. సిబ్బంది పని గంటల పరిమితి మరో చిక్కు. అందుకే అమెరికా విమానాలు వియన్నా, కోపెన్‌హాగన్‌లలో ఆగి వెళ్లాల్సి వచ్చింది.

భారం సమానంగా పడలేదన్నది అసలు విషయం. ఆంక్ష భారత సంస్థలకే పరిమితం. ఢిల్లీ నుంచి బయలుదేరే విదేశీ సంస్థల విమానాలకు పాకిస్థాన్ దారి తెరిచే ఉంది. 2019 నాటి మూసివేతలో జులై 2 వరకు ఎయిరిండియా నష్టం రూ.491 కోట్లని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. పాకిస్థాన్‌కూ నొప్పి తప్పలేదు. 2025 జూన్ చివరి నాటికి 410 కోట్ల పాకిస్థానీ రూపాయల ఆదాయం కోల్పోయినట్లు ఆ దేశ రక్షణ శాఖ జాతీయ అసెంబ్లీకి వెల్లడించింది.

2021 జనవరిలో మొదలైన హైదరాబాద్–షికాగో నేరు సర్వీసు తర్వాత నిలిచిపోవడంతో తెలుగు ప్రయాణికులు ఎలాగూ మధ్యలో విమానం మారాల్సిందే. హైదరాబాద్–దుబాయ్ దారి అరేబియా సముద్రం మీదుగా సాగుతుంది కనుక దానికి ఈ ఆంక్షల బెడద లేదు. ఢిల్లీలో మారేవారికి మాత్రం అవకాశాలు తగ్గాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఎయిరిండియా నిలిపివేసింది. గగనతల మూసివేతతో పాటు బోయింగ్ 787 విమానాల ఆధునికీకరణను కారణంగా చూపింది. వాషింగ్టన్ వెళ్లేవారు న్యూయార్క్, నెవార్క్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోలలో ఏదో ఒకచోట దిగి భాగస్వామ్య సంస్థల విమానం ఎక్కాలని సూచించింది.